ఇంటి ధరలో బడి వాటా ఎంత?

టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో, జార్జియాలోని కమింగ్‌లోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇల్లు వెతుకుతున్న తెలుగు కుటుంబాల మాటల్లో మూడు అంకెలు పదే పదే వినిపిస్తాయి: ఇంటి ధర, వడ్డీ రేటు, స్కూల్ రేటింగ్. మొదటిదాని మీద బేరమాడతారు. రెండోదాన్ని నాలుగు బ్యాంకుల్లో విచారిస్తారు. మూడోదాన్ని మాత్రం ఉన్నదున్నట్టు నమ్మేస్తారు. ఆ అంకె ఎక్కడిది, దేన్ని కొలిచింది, ఎన్నాళ్లు నిలుస్తుంది అని అడిగేవారు తక్కువ. ఆ అంకె కోసం ముప్పై ఏళ్ల అప్పు తలకెత్తుకునేవారు మాత్రం ఎక్కువ.

బడిని చూసి ఇల్లు కొనడం తగునా అన్న చర్చ అమెరికాలో ఆర్థికవేత్తలు, విద్యావేత్తలు, న్యాయస్థానాల మధ్య దాదాపు డెబ్బై ఏళ్లుగా నలుగుతోంది. అది ఇంతగా చిక్కుబడటానికి కారణం, అందులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోవడమే. మంచి బడి ఉంటే ఇంటి ధర ఎంత పెరుగుతుంది? పెరిగినదాంట్లో బోధనకు చెందినదెంత, ఇరుగుపొరుగుకు చెందినదెంత? అంత పెట్టినందువల్ల మన బిడ్డకు ఒరిగేదెంత? ఒక ప్రశ్నకు దొరికిన జవాబును ఇంకో ప్రశ్నకు వాడుకోవడం వల్లే కొనేవారు పొరబడుతున్నారు. ఈ మూడింటినీ విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

చిరునామాకూ బడికీ ముడి ఎలా పడింది

అమెరికాలో ప్రభుత్వ బడులను నడిపేది స్కూల్ డిస్ట్రిక్ట్ అనే స్థానిక సంస్థ. దాని రాబడిలో గణనీయమైన భాగం ఆ ప్రాంతపు ఇళ్ల మీద పడే ఆస్తి పన్ను నుంచే వస్తుంది. ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో హద్దులు గీసేదీ అదే. కాబట్టి అక్కడ ఇల్లు రిజిస్టరైన రోజే బడిలో సీటు కూడా ఖాయమైనట్టు. 1956లో చార్ల్స్ టీబూ అనే ఆర్థికవేత్త దీనికి ఒక సిద్ధాంత రూపం ఇచ్చాడు. తమకు నచ్చిన పన్నులు, సేవలు ఉన్న ఊరికి మకాం మార్చడమే స్థానిక ప్రభుత్వాలపై పౌరుడు వేసే ఓటు అన్నది ఆయన వాదన. ఇల్లు మారడం అప్పటి నుంచి ఒక ఆర్థిక తీర్పుగా లెక్కలోకి వచ్చింది.

ఈ ముడిలో జాతి వివక్ష చరిత్ర కూడా ఉంది. నల్లజాతి పిల్లలకు వేరే బడులు రాజ్యాంగ విరుద్ధమని 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో లక్షలాది తెల్లజాతి కుటుంబాలు నగరాలు వదిలి శివార్లకు వెళ్లాయి. శివారు డిస్ట్రిక్టులను నగరంతో కలిపి బడుల్లో అన్ని జాతుల పిల్లలనూ చేర్చాలన్న డెట్రాయిట్ ప్రయత్నాన్ని 1974లో మిల్లికెన్ కేసులో అదే కోర్టు అడ్డుకుంది. అంతకు ఏడాది ముందు, 1973లో, శాన్ ఆంటోనియో కేసులో 5-4 తేడాతో మరో తీర్పు వచ్చింది. పేద డిస్ట్రిక్టుకూ ధనిక డిస్ట్రిక్టుకూ నిధుల్లో ఉన్న తేడా సమాఖ్య రాజ్యాంగానికి విరుద్ధం కాదని అందులో తేల్చారు. ఈ రెండు తీర్పులతో స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు గట్టి గోడగా నిలిచిపోయింది. నిధుల తేడాను తగ్గించే పని రాష్ట్రాల మీద పడింది. టెక్సస్ 1993లో ధనిక డిస్ట్రిక్టుల ఆస్తి పన్నులో కొంత తీసుకుని పేద డిస్ట్రిక్టులకు మళ్లించే పద్ధతి తెచ్చింది.

రేటింగుల యుగం దీని తర్వాతిది. బడులకు రేటింగులిచ్చే గ్రేట్‌స్కూల్స్ సంస్థ 1998లో మొదలైంది. 2002లో చట్టమైన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా పరీక్షలు తప్పనిసరి చేసింది. దాంతో ప్రతి బడికీ మార్కుల లెక్క బయటికొచ్చింది. ఆ లెక్కలు ఒకటి నుంచి పది దాకా రేటింగుగా మారి, ఇళ్ల అమ్మకాల సైట్లలో పడక గదుల సంఖ్య పక్కనే చేరాయి. ఇక్కడ 1968 నాటి న్యాయమైన గృహవసతి చట్టం ప్రభావాన్ని కూడా గుర్తుంచుకోవాలి. జాతిని బట్టి కొనుగోలుదారులను ఫలానా పేటకు మళ్లించినట్టు కనబడితే ఏజెంటుకు చిక్కు. అందుకే బడి మంచిదా కాదా అని అడిగితే చాలామంది ఏజెంట్లు సొంత అభిప్రాయం చెప్పకుండా, సైటు చూసుకోమంటారు. అలా రేటింగ్ చివరి మాటగా స్థిరపడింది.

ధరను కొలిచిన ప్రయత్నాలు

మొదటి ప్రశ్నకు, అంటే బడికీ ధరకూ ఉన్న సంబంధానికి, చాలా మంచి పరిశోధనలు ఉన్నాయి. 1969లో వాలెస్ ఓట్స్ న్యూజెర్సీలోని 53 పట్టణాలను పరిశీలించి, బడి మీద పెట్టే ఖర్చు ఇంటి ధరలో కనబడుతుందనీ, ఆస్తి పన్ను ఆ ధరను కిందికి లాగుతుందనీ చూపాడు. ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది. మంచి బడి ఉన్న ఊళ్లో మంచి పార్కులు, తక్కువ నేరాలు ఉంటాయి, ఎక్కువ జీతం వచ్చేవారూ ఉంటారు. అప్పుడు ధర పెంచింది ఏది?

1999లో శాండ్రా బ్లాక్ ఈ చిక్కుకు చక్కటి దారి కనిపెట్టింది. బోస్టన్ శివార్లలో బడి హద్దు పోయే చోట, దానికి ఇటూ అటూ ఉన్న ఇళ్లనే పోల్చింది. ఊరు ఒకటే, పన్ను ఒకటే, సందడి ఒకటే. తేడా అల్లా ఎలిమెంటరీ బడి ఒక్కటే. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువుంటే తల్లిదండ్రులు 2.5 శాతం ఎక్కువ ధర పెడుతున్నారని తేలింది. పాత పద్ధతిలో కనబడిన ప్రభావంలో ఇది సుమారు సగం.

2007లో పాట్రిక్ బేయర్, ఫెర్నాండో ఫెరీరా, రాబర్ట్ మెక్‌మిలన్ శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో ఇంకో అడుగు వేశారు. బడి హద్దుకు ఇటూ అటూ ఉన్న జనం కూడా కాలక్రమంలో వేరైపోతారు. చదువుకున్నవారు, ఎక్కువ సంపాదించేవారు మంచి మార్కుల వైపు చేరతారు. పొరుగువారి చదువు, ఆదాయం లెక్కలోకి తీసుకున్నాక, అదే 5 శాతం మార్కుల తేడాకు పెట్టే అదనపు ధర 1 శాతం లోపుకు పడిపోయింది. ఇంగ్లండ్‌లో గిబ్బన్స్, మాచిన్, సిల్వా హద్దుల పద్ధతితోనే చేసిన పరిశోధన 2013లో వచ్చింది. బడుల మధ్య సాధారణంగా ఉండే ఒక మెట్టు తేడాకు ధర సుమారు 3 శాతం మారుతుందని వారి లెక్క.

ఈ శాతాలను 5 లక్షల డాలర్ల ఇంటికి వర్తింపజేసి చూద్దాం. బ్లాక్ లెక్కన 5 శాతం మెరుగైన మార్కుల విలువ 12,500 డాలర్లు. బేయర్ బృందం లెక్కన 5,000 డాలర్ల లోపే. ఇక మార్కెట్లో రెండు ఊళ్ల మధ్య లక్ష డాలర్ల తేడా కనబడితే, అందులో అధిక భాగం పొరుగుకూ, ఇంటికీ, పేరుకూ చెల్లిస్తున్నదేనని అనుకోవాలి. బడికి పెడుతున్నామనుకుని పొరుగుకు పెడుతున్నాం. అది తప్పని చెప్పలేం. కానీ తెలిసి పెట్టడం వేరు, తెలియక పెట్టడం వేరు.

మార్కెట్ రేటింగును ఎప్పటికీ నమ్ముకుని కూర్చోదన్నదానికీ ఆధారం ఉంది. ఫ్లోరిడా ప్రభుత్వం బడులకు ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ దాకా గ్రేడులు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఏం జరిగిందో డేవిడ్ ఫిగ్లియో, మారిస్ లూకస్ 2004లో రాశారు. మార్కులు అప్పటికే అందరికీ తెలిసినా, గ్రేడు అన్న అక్షరం వల్ల ధర విడిగా కదిలింది. కానీ ఏటేటా గ్రేడులు అటూ ఇటూ ఊగుతుంటే ఆ ప్రభావం క్రమంగా తగ్గిపోయింది.

మొదటి వాదం: మంచి బడికి పెట్టిన డబ్బు దండగ కాదు

ఈ పక్షం వాదన ఊరికే తోసేయదగ్గది కాదు. బడి మీద పెట్టే డబ్బు పిల్లల జీవితాన్ని మారుస్తుందా అన్నదాన్ని కిరాబో జాక్సన్, రకర్ జాన్సన్, క్లాడియా పెర్సికో 2016లో పరిశీలించారు. కోర్టు తీర్పుల వల్ల నిధులు పెరిగిన బడుల్లో చదివిన పిల్లల జీవితాలను వారు పెద్దయ్యేదాకా అనుసరించారు. 12 ఏళ్ల చదువు పొడుగునా ఒక్కో విద్యార్థిపై ఖర్చు 10 శాతం పెరిగితే, పెద్దయ్యాక వారి జీతాలు సుమారు 7 శాతం పెరిగాయి. పేద ఇళ్ల పిల్లలకు ఈ లాభం మరింత ఎక్కువ.

పేట మారితే బిడ్డ భవిష్యత్తు మారుతుందన్నదానికి ఇంతకన్నా పెద్ద ఆధారం ‘మూవింగ్ టు ఆపర్చ్యునిటీ’ ప్రయోగం. 1994లో మొదలై బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజిలిస్, న్యూయార్క్‌లలో జరిగిన ఈ ప్రయోగంలో ప్రభుత్వ గృహాల్లో ఉండే పేద కుటుంబాలను లాటరీ తీసి, కొందరికి మెరుగైన పేటలకు మారే అవకాశం ఇచ్చారు. రాజ్ చెట్టి, నాథనియల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ 2016లో ఆ పిల్లల సంపాదనను పరిశీలించారు. 13 ఏళ్లు నిండకముందే మారినవారు ఇరవైల మధ్యకు వచ్చేసరికి 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. పెద్దయ్యాక మారినవారికి ఆ లాభం దక్కలేదు. అంటే చోటుకు విలువ ఉంది, అందులో గడిపిన సంవత్సరాలకు ఇంకా విలువ ఉంది.

మూడో మాట ఆస్తి గురించి. బడి కోసం పెట్టిన అదనపు ధర ఫీజులా కరిగిపోదు. అమ్మేటప్పుడు, మార్కెట్ అనుకూలిస్తే, తిరిగి వస్తుంది. ఇంట్లో బడి పిల్లలు లేనివారు కూడా మంచి డిస్ట్రిక్టులో కొనడానికి మొగ్గేది ఇందుకే.

అయితే ఈ పరిశోధనలను ఎవరికి వర్తింపజేస్తున్నామో చూసుకోవాలి. ఆ పిల్లలు బయల్దేరింది తీవ్రమైన పేదరికం నుంచి. ఇద్దరు ఇంజనీర్లున్న ఇల్లు, రేటింగు 8 ఉన్న శివారు నుంచి 10 ఉన్న శివారుకు మారితే అంతే లాభం వస్తుందని ఈ పరిశోధనల్లో ఎక్కడా లేదు.

రెండో వాదం: రేటింగ్ కొలుస్తున్నది పిల్లల ఇళ్లను

1966లో వచ్చిన కోల్‌మన్ నివేదిక ఈ పక్షానికి పునాది. జేమ్స్ కోల్‌మన్ నాయకత్వంలో దేశవ్యాప్తంగా జరిగిన ఆ అధ్యయనం, బడి భవనాలు, వసతుల కన్నా కుటుంబ నేపథ్యమే పిల్లల ఫలితాలను ఎక్కువగా నిర్ణయిస్తోందని చెప్పింది. తర్వాతి పరిశోధనలు ఆ తీర్పులోని కొన్ని భాగాలను సవరించాయి. ముఖ్యంగా ఉపాధ్యాయుల తేడా ఎంత పెద్దదో చెట్టి, ఫ్రీడ్‌మన్, రాకాఫ్ 2014లో చూపారు. కానీ ఒక మాట నిలిచింది. ఒక బడి సగటు మార్కులు ఎక్కువంటే, ఆ బడి బాగా నేర్పుతోందని కావచ్చు, నేర్చుకుని వచ్చిన పిల్లలే అందులో చేరారని కావచ్చు. సగటు మార్కు ఈ రెంటినీ విడదీయదు.

విడదీసి చూసిన పరిశోధనల ఫలితాలు తల్లిదండ్రులకు మింగుడుపడనివి. అబ్దుల్కదిరోగ్లు, ఆంగ్రిస్ట్, పాథక్ బోస్టన్, న్యూయార్క్‌లలోని ప్రవేశ పరీక్ష బడులను చూశారు. కటాఫ్ మార్కుకు ఒక్క గీత పైన ఉండి సీటు దక్కినవారినీ, ఒక్క గీత కింద ఉండి దక్కనివారినీ పోల్చారు. లోపలికి వెళ్లినవారికి చుట్టూ ఎంతో మెరుగైన తోటి విద్యార్థులు దొరికారు. అయినా తర్వాతి పరీక్షల్లో ఇరువర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2014లో వచ్చిన వారి పరిశోధనా పత్రం పేరులోనే ఉన్నత బడి ఒక భ్రమ అన్న మాట ఉంది. 2020లో వీరిలో ఇద్దరు మరికొందరితో కలిసి న్యూయార్క్ హైస్కూళ్ల ఎంపిక జాబితాలను పరిశీలించారు. తల్లిదండ్రులు బాగా చదివే పిల్లలున్న బడులను కోరుకుంటున్నారు. ఆ విషయాన్ని పక్కన పెట్టి చూస్తే, బడి నిజంగా ఎంత ఎక్కువ నేర్పుతుందన్నదానికీ వారి ఎంపికకూ సంబంధం కనబడలేదు.

రేటింగులు ఇచ్చేవారికీ ఈ విమర్శ చేరింది. గ్రేట్‌స్కూల్స్ 2017లో, మళ్లీ 2020లో తన లెక్కను మార్చుకుని, పిల్లలు ఏడాదిలో ఎంత ఎదిగారన్నదానికి ప్రాధాన్యం పెంచింది. ఇల్లు కొనేవారు గమనించాల్సిన సంగతి ఇదే. పెద్ద అంకె కింద ఉన్న ఎదుగుదల అంకెను విప్పి చూడాలి. 7 రేటింగులో ఎదుగుదల 9 ఉన్న బడి, 10 రేటింగులో ఎదుగుదల 5 ఉన్న బడి కన్నా ఎక్కువ నేర్పుతూ ఉండవచ్చు.

మూడో వాదం: పోటీ ఎక్కువైన బడికి వేరే వెల ఉంది

బాగా చదివే పిల్లల మధ్య ఉంటే మన పిల్లవాడూ బాగుపడతాడన్నది మన ఇళ్లలో గట్టి నమ్మకం. దానికి ఒక ఎదురు ఫలితాన్ని ఆస్ట్రేలియాలో పనిచేసిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ మార్ష్ 1980ల నుంచి నమోదు చేస్తూ వచ్చాడు. సమాన సామర్థ్యం ఉన్న ఇద్దరు పిల్లల్లో, అందరూ దిట్టలే ఉన్న బడిలో చేరినవాడికి తన చదువు మీద తనకున్న నమ్మకం తగ్గుతుంది. పెద్ద చెరువులో తాను చిన్న చేపనని తోస్తుంది. మన దేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సునియా లూథర్ సంపన్న శివార్లలోని పోటీ బడుల మీద ఏళ్ల తరబడి పరిశోధించింది. ఆ పిల్లల్లో ఆందోళన, కుంగుబాటు, మాదకద్రవ్యాల వాడకం సగటు కన్నా ఎక్కువగా ఉన్నాయని చూపింది.

టెక్సస్‌లో ఉన్న తెలుగువారికి ఇందులో చేతికందే లెక్క ఒకటుంది. 1997లో వచ్చిన చట్టం ప్రకారం, ఏ హైస్కూల్లోనైనా తరగతిలో మొదటి 10 శాతంలో నిలిచినవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం ఈ గీతను అంతకంతకూ బిగించి, 2026 ప్రవేశాల నుంచి 5 శాతానికి తెచ్చింది. ఇక్కడ కొలత సొంత బడిలో స్థానం. రాష్ట్రం మొత్తంలో స్థానం కాదు. దిట్టలందరూ చేరిన హైస్కూల్లో 12వ శాతంలో నిలిచే అమ్మాయి, మామూలు బడిలో 3వ శాతంలో నిలవవచ్చు. జూలీ కల్లెన్, మార్క్ లాంగ్, రాండల్ రీబాక్ చేసిన పరిశోధనలో, కొందరు విద్యార్థులు ఈ లెక్క వేసుకునే బడి ఎంచుకున్నారని తేలింది. దిట్టల బడి ఇచ్చే పాఠాల విస్తృతి, ల్యాబులు, క్లబ్బులు మాత్రం మామూలు బడిలో దొరకకపోవచ్చు. రెండు వైపులా త్రాసు తూగుతుంది.

ఇంటి బడ్జెట్ మీద పడే బరువు మరో వెల. ఎలిజబెత్ వారెన్, అమీలియా వారెన్ త్యాగి 2003లో రాసిన పుస్తకంలో, మంచి బడులున్న చోట ఇళ్ల కోసం మధ్యతరగతి కుటుంబాలు ఒకరిపై ఒకరు ధర పెంచుకుంటూ, ఇద్దరి జీతాలనూ ఇంటికే కట్టేసుకున్నాయని వాదించారు. ఒక జీతం ఆగితే ఇల్లే కదిలిపోయే స్థితి అది. ఉదాహరణకు బడి పేరుతో 80,000 డాలర్లు అదనంగా పెట్టామనుకుందాం. 7 శాతం వడ్డీకి, 30 ఏళ్ల అప్పుగా, నెల వాయిదా సుమారు 532 డాలర్లు. ఆస్తి పన్ను 2 శాతమైతే నెలకు మరో 133. ఏడాదికి దాదాపు 8,000 డాలర్లు. వీసా మీద ఉన్న కుటుంబానికి, ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి 60 రోజుల గడువే ఉన్నవారికి, ఇది చిన్న సంగతి కాదు.

ముడి లేని చోట: హైదరాబాద్

మన దేశంలోనూ బడిని ఇంటి దగ్గరికి తేవాలన్న ఆలోచన పాతదే. కోల్‌మన్ నివేదిక వచ్చిన 1966లోనే కొఠారీ కమిషన్ తన నివేదిక ఇచ్చింది. అన్ని వర్గాల పిల్లలూ తమ పేటలోని ఉమ్మడి బడిలోనే చదవాలని అది సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు అమలుకు నోచుకోలేదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కింది నిబంధనల్లో ఐదో తరగతి దాకా 1 కిలోమీటరు, ఎనిమిదో తరగతి దాకా 3 కిలోమీటర్ల లోపు బడి ఉండాలన్న ప్రమాణం ఉంది. కానీ మధ్యతరగతి అప్పటికే ప్రభుత్వ బడిని వదిలి వెళ్లిపోయింది.

అందువల్ల హైదరాబాద్‌లో ప్రశ్న రూపమే వేరు. కొండాపూర్‌లో ఉన్నవాళ్లు నాచారం బడిలో ఫీజు కట్టి చేర్పించవచ్చు. చిరునామా అడ్డురాదు, దూరం అడ్డొస్తుంది. పొద్దున్నే బస్సు, సాయంత్రం మళ్లీ బస్సు, మధ్యలో ట్రాఫిక్. బిల్డర్ల బ్రోచర్లలో పేరున్న బడికి ఎన్ని నిమిషాల దూరమో అచ్చువేయడం ఇందుకే. అమెరికాలో బడి వెల ఇంటి ధరలో కలిసిపోతే, ఇక్కడ అది ఫీజు రసీదులో విడిగా కనబడుతుంది. ఫీజు తిరిగి రాదు. కానీ నచ్చకపోతే వచ్చే ఏడాది బడి మార్చుకోవచ్చు. అప్పుగా మారిన ఇంటి ధరను అంత తేలిగ్గా దించుకోలేం. బడి దగ్గరుందని ఫ్లాటుకు 40 లక్షలు అదనంగా పెడితే, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లపాటు నెలకు సుమారు 34,700 రూపాయలు. పైగా మన దగ్గర పదో తరగతి తర్వాత ఇంటర్ అనే మలుపు ఉంది. చాలామంది పిల్లలు అప్పుడు కాలేజీ మారతారు, కొందరు హాస్టలుకు వెళ్లిపోతారు. ఇరవై ఏళ్ల అప్పును పదేళ్ల బడి కోసం తీసుకుంటున్నామన్న లెక్క అందుకే అవసరం.

ప్రైవేటు బడి అంటేనే నాణ్యత అన్న నమ్మకాన్ని మన నేల మీదే పరీక్షించారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాల్లో, 180 గ్రామాల్లో లాటరీ ద్వారా కొందరు పిల్లలకు ప్రైవేటు బడి వోచర్లు ఇప్పించి, నాలుగేళ్లు అనుసరించారు. 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం తెలుగు, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలకూ వీరికీ తేడా లేదు. హిందీలో ప్రైవేటు బడి పిల్లలు ముందున్నారు, ఎందుకంటే అక్కడ దానికి సమయం ఇచ్చారు. అయితే ప్రైవేటు బడి ఒక్కో విద్యార్థిపై పెట్టే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. ఏ బడి గొప్పదన్న ప్రశ్నకు జవాబు, దేన్ని కొలుస్తున్నామన్నదాన్ని బట్టి మారిపోతుందని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. నగరంలోని ఖరీదైన బడులకు ఈ పల్లె ఫలితాలను యథాతథంగా అన్వయించలేమన్నదీ గుర్తుంచుకోవాలి.

హద్దు చెరిగితే

ఇంటి ధరలో బడి విలువ దాచుకున్నవారికి అతి పెద్ద ప్రమాదం ప్రభుత్వ నిర్ణయం. బీజింగ్‌లోని షీచెంగ్ జిల్లాలో, 2020 జులై 31 తర్వాత కొన్న ఇళ్లకు ఒక నిర్దిష్టమైన బడితో ఉన్న ముడిని తెంచేశారు. పిల్లలకు ఆ ప్రాంతంలోని ఏ బడినైనా అధికారులు కేటాయించవచ్చన్న నిబంధన వచ్చింది. 2021 ఏప్రిల్‌లో చైనా పొలిట్‌బ్యూరో బడి పేరు చెప్పి ఇళ్లపై జూదమాడటాన్ని అరికట్టాలని నేరుగా ప్రకటించింది. ఇంగ్లండ్‌లోని బ్రైటన్ నగరం 2008 ప్రవేశాల నుంచి, సీట్లకు మించి పిల్లలున్న బడుల్లో లాటరీ తెచ్చింది. దక్షిణ కొరియా కథ దీనికి తిరగబడిన రూపం. 1976లో రాజధానిలో పేరున్న క్యోంగి హైస్కూలును నది దాటించి గంగ్నమ్ ప్రాంతానికి తరలించారు. జనాన్ని కొత్త ప్రాంతానికి రప్పించడానికి ప్రభుత్వమే బడిని ఎరగా వాడింది. గంగ్నమ్ ధరలు నేటికీ ఆ నిర్ణయం నీడలోనే ఉన్నాయి.

అమెరికాలో ఇంత నాటకీయంగా జరగదు, కానీ జరుగుతుంది. కొత్త హైస్కూలు తెరిచిన ప్రతిసారీ హద్దులు మారతాయి. జార్జియాలోని ఫోర్సైత్ కౌంటీలో 2018లో డెన్మార్క్ హైస్కూలు, 2021లో ఈస్ట్ ఫోర్సైత్ హైస్కూలు తెరిచినప్పుడు అలాగే మారాయి. పిల్లలు తగ్గితే బడి మూతపడుతుంది. టెక్సస్‌లో ఎంతో పేరున్న ప్లేనో డిస్ట్రిక్ట్ నాలుగు బడులను మూసేయాలని 2024లో నిర్ణయించింది. శివారు వయసు పెరిగి, యువ కుటుంబాలకు ఇళ్లు అందని ధరలకు చేరితే బడులు ఖాళీ అవుతాయి. బడి వల్ల పెరిగిన ధరే చివరికి బడిని ఖాళీ చేయడం ఈ చర్చలో ఎక్కువమంది చూడని మలుపు.

మూడు వాదాల పోలిక

• మొదటి వాదం ప్రకారం చోటు, నిధులు, ఉపాధ్యాయులు పిల్లల జీవితాన్ని మారుస్తాయి. దీని బలం దీర్ఘకాలపు ఆధారాలు. బలహీనత, ఆ ఆధారాలు ఎక్కువగా పేద కుటుంబాలవి కావడం. పిల్లలు చిన్నవాళ్లైనప్పుడు, ఇప్పుడున్న బడి నిజంగా బలహీనమైనప్పుడు ఈ వాదం బాగా వర్తిస్తుంది.

• రెండో వాదం ప్రకారం రేటింగు ఇళ్లను కొలుస్తుంది, బోధనను అంతగా కొలవదు. దీని బలం కటాఫ్, హద్దుల పోలికల్లోని కచ్చితత్వం. బలహీనత, గీత దగ్గరున్న పిల్లల ఫలితాలే తప్ప అందరి ఫలితాలూ అందులో లేకపోవడం. రెండు మంచి శివార్ల మధ్య ఎంచుకునేవారికి ఇది బాగా వర్తిస్తుంది.

• మూడో వాదం ప్రకారం పోటీ, అప్పు కూడా ఖర్చులే. దీని బలం ఇంట్లో రోజూ కనబడే వాస్తవం. బలహీనత, ఒక్కో బిడ్డ స్వభావాన్ని బట్టి ఫలితం తారుమారు కావడం. హైస్కూలు వయసు పిల్లలున్న, వాయిదా బరువు ఎక్కువున్న ఇళ్లకు ఇది బాగా వర్తిస్తుంది.

ఇంకా తేలనివి

తోటి పిల్లల ప్రభావం ఎంత అన్నది నేటికీ తెగని తగువు. ఒకే తరగతిలో ఒకరి వల్ల ఒకరు నేర్చుకుంటారన్నదీ నిజమే, నిరుత్సాహపడతారన్నదీ నిజమే. ఏ బిడ్డకు ఏది ఎక్కువో ముందే చెప్పే పద్ధతి లేదు. మార్కుల్లో కనబడని గుణాలు రెండో చిక్కు. ఉపాధ్యాయులు హాజరును, ప్రవర్తనను, పట్టుదలను కూడా మారుస్తారని, ఆ మార్పు మార్కుల లెక్కలో పడదని కిరాబో జాక్సన్ 2018లో చూపాడు. మార్కుల మీద ఆధారపడిన రేటింగుల్లో వాటికి తగిన చోటు లేదు. మూడోది, చిరునామాకూ బడికీ ఉన్న ముడి ఎన్నాళ్లు నిలుస్తుందన్నది. 1991 నాటి మిన్నెసోటా చట్టంతో మొదలైన చార్టర్ బడులు, అంటే ప్రభుత్వ సొమ్ముతో స్వతంత్రంగా నడిచే బడులు, ఆ ముడిని వదులు చేశాయి. 2025లో టెక్సస్ ప్రైవేటు చదువుకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే చట్టం చేసింది. దాని వల్ల ఇళ్ల ధరలు ఎటు కదులుతాయన్నది రాబోయే సంవత్సరాలే చెప్పాలి.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఉమ్మడి నష్టం గురించి. ఒక్కో కుటుంబం తన బిడ్డకు సరైనదే చేస్తుంది. అందరూ అదే చేసినప్పుడు ధరలు పెరుగుతాయి, పేదలు దూరమవుతారు, కొఠారీ కమిషన్ కోరిన ఉమ్మడి బడి మరింత దూరమవుతుంది. దీనికి విడివిడి కుటుంబాల దగ్గర జవాబు లేదు. నిధులు, హద్దులు నిర్ణయించేవారి దగ్గరే ఉంది. ఇల్లు కొన్న తర్వాత స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు వేయగలవారు దాన్ని వేయడం, పక్క డిస్ట్రిక్టు బడి గురించి కూడా పట్టించుకోవడం అందుకే ముఖ్యం.

కొనేవారికి మిగిలే లెక్క

ఈ పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే ఒక వరుస తేలుతుంది. బడి కనీస స్థాయిలో ఉందా అన్నది మొదట చూడాలి. అక్కడ రాజీ పడకూడదు. ఆ స్థాయి దాటాక రేటింగులో వచ్చే ఒకటి రెండు అంకెల తేడాకు పెద్ద ధర పెట్టేముందు, ఎదుగుదల అంకెనూ, ఉపాధ్యాయులు ఏటా ఎంతమంది వెళ్లిపోతున్నారన్నదానినీ, మన బిడ్డలాంటి పిల్లలు ఆ బడిలో ఎలా ఉన్నారన్నదానినీ చూడాలి. డిస్ట్రిక్ట్ రాబోయే ఐదేళ్లలో హద్దులు మార్చబోతోందేమో దాని బోర్డు సమావేశాల పత్రాల్లో వెతకాలి. అదనపు ధరను నెల వాయిదాగా మార్చి, ఆ డబ్బుతో ఇంకేం చేయగలమో పక్కన రాసుకోవాలి.

ఆ కాగితం మీద ఒక అంశం తప్పకుండా ఉండాలి. అరవై ఏళ్ల కిందట కోల్‌మన్ నివేదిక సూచించినది, తర్వాతివారు ఎంత సవరించినా చెరిపేయలేనిది, ఇల్లే మొదటి బడి అన్న మాట. సాయంత్రం బిడ్డ పక్కన కూర్చుని లెక్కలు చేయించడానికీ, ఆ రోజు బడిలో ఏం జరిగిందో వినడానికీ సమయం ఉన్న ఇల్లు అది. ఆ సాయంత్రాలను అమ్మి వాయిదా కట్టాల్సి వస్తే, 10 రేటింగున్న బడి కోసం మన దగ్గరున్న అన్నిటికన్నా మంచి బడిని ఇచ్చేసినట్టే. పిల్లల కోసం ఇల్లు కొనే ప్రతి తల్లీ తండ్రీ ఆ మార్పిడిని కళ్లారా చూసి, తెలిసి నిర్ణయించుకోవాలి.